గుండీలాటలో ఎనిమిదో నియమం

పరిశోధన కేంద్రం, మెట్లకింది గది
జనవరి 9

మామయ్యకి నమస్కారాలు.

కాగితం మీద ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో, ఈ అక్షరాలు నావేనా అని నాకే అనుమానంగా ఉంది. మీరు ఫోను ఎత్తరు, మెయిలు చూడరు. "చెప్పేది ఉంటే రాయి, రాసేంత లేకపోతే చెప్పకు" అన్న మీ మాటని అమ్మ ఇప్పటికీ మీ గొంతుతోనే అని నవ్విస్తుంది.

నాకు ప్రాజెక్టు వచ్చింది. మొదటిసారి నా పేరుమీద. ఒకే భవనంలో ఉండే జనం ఒకరినొకరు ఎంత గమనించుకుంటారు, ఆట ఆడించి ఆ జాగ్రత్త పెంచగలమా అన్నది విషయం. భద్రత విభాగం వాళ్ళు అడిగారు, డైరెక్టరు గారు ఒప్పుకున్నారు. ఆట మీదే మామయ్యా. గుండీలాట. ముప్పై ఏళ్ళ కిందటి వ్యాసం దుమ్ము దులిపి నా బల్లమీద పెట్టారు.

నాకు అర్థమైంది సరేనేమో చూడండి. ప్రతి ఇంటికీ ఒక అగ్గిపెట్టె ఇస్తాం, లోపల ఒక బిళ్ళ. ఎవరిది వాళ్ళు చూసుకోవచ్చు, ఇంకొకరికి చూపకూడదు. పదహారు పెట్టెల్లో ఒకదాంట్లో నల్లబిళ్ళ ఉందనీ, ఆ ఇల్లే భవనానికి కీడనీ చెబుతాం. ప్రతి ఆదివారం పొద్దున అందరూ కింది హాల్లో కూర్చుని, అనుమానం ఉన్న ఫ్లాటు నంబరు గిన్నెలో ఇంటికో గుండీ వేస్తారు. ఏ గిన్నెలో ఎన్ని పడ్డాయో నోటీసు బోర్డు మీద రాస్తారు. నిజానికి నల్లబిళ్ళ లేనే లేదు. పదహారూ తెల్లవే. లేనివాణ్ణి జనం ఎలా వెతుకుతారో చూడటమే పరిశోధన.

నేనుంటున్న భవనాన్నే ఎంచుకున్నాను. తెలిసినవాళ్ళు కదా, గమనించడం తేలిక. ఆట నడిపేది భవనం సెక్రటరీ. నేను కేంద్రం మనిషినని ఎవరికీ చెప్పకూడదు, తొమ్మిదో నంబరు ఫ్లాటుగా వాళ్ళతోపాటే కూర్చుని రాసుకోవాలి.

ఒక్కటే సందేహం. వ్యాసంలో ఏడు నియమాలున్నాయి. ఏడోది "ప్రతి వారం మళ్ళీ మొదటినుంచి". ఆ తర్వాత ఏమీ లేదు. ఆట ఎలా ముగుస్తుంది? డైరెక్టరు గారిని అడిగితే, "మంచి ఆటకి ముగింపు ఉండదమ్మా" అన్నారు. మీరేమంటారు?

మీ పిచ్చుక

*

మా ఇల్లు, నాలుగో అంతస్తు, పుస్తకాల గది
జనవరి 20

పిచ్చుకా,

నీ పేరుమీద ప్రాజెక్టు వచ్చినందుకు సంతోషం. అది నెమలి చేతిమీదుగా వచ్చినందుకు విచారం. నువ్వు డైరెక్టరు గారు అనే ఆ పక్షిని నేను ముప్పై రెండేళ్ళుగా ఎరుగుదును. ఈక ఈకకీ ఒక కన్నుంటుంది, ఒక్కదానితోనూ చూడలేదు.

ఆట నాదే అని రాశావు, అది చాలు. లోకం అలా అనుకోదు. వ్యాసం తీసి చూడు, మొదటి పేరు ఎవరిది? నియమాలు రాసింది నేను. నలభై ఒక్క బల్లల దగ్గర ఆడించి, నడుం పడిపోయేదాకా వంగి రాసుకున్నది నేను. గుండీలు మీ అమ్మ కుట్టుమిషను డబ్బాలోవి. నెమలి చేసిందల్లా టైపు కొట్టించి, తన పేరు పైన వేసుకోవడం. ఆ వ్యాసంతో కుర్చీ ఎక్కాడు, ఆ కుర్చీలోనే జుట్టు తెల్లబడింది. ఇప్పుడేమో "ఆట సమాజానికి అద్దం" అని సభల్లో చెబుతాడట. అద్దం అమ్మేవాడికి మొహం కనిపించాలని ఏముంది?

ఇలాంటి ప్రయోగానికి నైతిక సమితి ఉండాలి. ఉందా? ఉంటే, టీ చల్లారకముందే సంతకాలు పెట్టి లేచి ఉంటారు.

మంచి ఆటకి ముగింపు ఉండదన్నాడా! ఆ మాటే రాతపూర్వకంగా ఇప్పించుకో. తేదీ వేయించు.

ముగింపు సంగతి నన్నడక్కు. మొదటి పేరు గలవాణ్ణే అడుగు. నువ్వు మాత్రం ప్రతి వారం జరిగింది జరిగినట్టు రాసి పంపు. నాకు అవసరం ఉంది.

మామయ్య

*

తొమ్మిదో నంబరు ఫ్లాటు
ఫిబ్రవరి 16

మామయ్యా,

నాలుగు ఆదివారాలయ్యాయి. మొదటి వారం పిక్నిక్కులా ఉంది. పక్కింటి టీచరమ్మ గిన్నెలన్నీ చూసి, "ఎనిమిదో నంబరుకి వేస్తాను, వాళ్ళ మిక్సీ చప్పుడుకి శిక్ష" అంటే అందరూ పడీపడీ నవ్వారు. గుండీలు చెల్లాచెదురుగా పడ్డాయి. సెక్రటరీ గారు ఒక్కరే నవ్వలేదు. ఆయన లెక్కని బోర్డు మీద సుద్దముక్కతో రాసి, ఇంటికి వెళ్ళి పెన్ను తెచ్చి, మళ్ళీ కాగితం మీద పెన్నుతో రాశారు.

రెండో వారం మూడో అంతస్తు గడియారాల మెకానిక్కుకి నాలుగు పడ్డాయి. ఒంటరి మనిషి, ఎవరితోనూ మాట్లాడడు. తన నంబరు చదవగానే చెవుల దాకా ఎర్రబడ్డాడు. "చూశారా, చూశారా" అని ఎవరో గొణిగారు. మూడో వారం ఏడు. అదే వారం మెట్లకింద ఉండే పిల్లల సైకిలొకటి పోయింది.

మామయ్యా, ఆటలో సైకిలు లేదు. కానీ నిన్న హాల్లో సెక్రటరీ గారు లేచి, "మనం ఆడుకుంటుంటే వాళ్ళు ఆడుకోవట్లేదండీ" అన్నారు. వాళ్ళంటే ఎవరని ఎవరూ అడగలేదు. మెకానిక్కు గిన్నెలో పదకొండు.

ఆయన బయటికి వెళుతూ నా దగ్గర ఆగి, "అమ్మా, మీరు రాసుకుంటుంటారు కదా, నేనేం చేశానో అందులో ఉందా?" అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే అడిగాడు.

నాకు బాగాలేదు. ఆపమని డైరెక్టరు గారికి చెప్పనా?

పిచ్చుక

*

నాలుగో అంతస్తు
ఫిబ్రవరి 25

పిచ్చుకా,

ఆపకు. ఇంకో నాలుగు వారాలు పోనీ.

నీకు బాగాలేకపోవడం సహజం. నాకూ మొదట్లో అన్నం సహించేది కాదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని సామెత. సామెత చెప్పినవాడు ఎవరో గానీ సగమే చూశాడు. దొంగ అనగానే బల్లచుట్టూ ఉన్న అందరి చేతులూ భుజాలమీదికి పోతాయి. పక్కవాడు ఎవరి చెయ్యి చూస్తే వాడు దొంగ. అంతే, నా పరిశోధన మొత్తం ఇదే. దీన్ని అరవై పేజీలకి సాగదీయడం నెమలి ఒక్కడికే చేతనవును.

మెకానిక్కు మీద పడటంలో వింతేమీ లేదు. తక్కువ మాట్లాడేవాళ్ళు, ఎర్రబడేవాళ్ళు మొదట పోతారు. నలభై ఒక్కసార్లు చూశాను.

నేనొక వ్యాసం మొదలుపెట్టాను. మే నెలలో నెమలికి సన్మానసంచిక వేస్తున్నారట, దానికే పంపుతాను. తాను కనిపెట్టానని చెప్పుకునే ఆటని ఎక్కడ ఆపాలో కూడా తెలియనివాడని, అతని ప్రాజెక్టు లెక్కలతోనే నిరూపిస్తాను. ముప్పై రెండేళ్ళు కాచుక్కూర్చున్నాను, నాలుగు వారాలు ఒక లెక్కా? నీ పేరు ఎక్కడా రానివ్వను.

బోర్డు ఫొటోలు పంపు. సెక్రటరీ అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయి, ముఖ్యంగా ఆ "వాళ్ళు".

మామయ్య

*

తొమ్మిదో నంబరు ఫ్లాటు
మార్చి 18

మామయ్యా,

ఫొటోలు లేవు. చదవండి.

మెకానిక్కు తాళంలో ఎవరో జిగురు పోశారు. ఆయన మెట్లమీద కూర్చుని గడియారాలు విప్పే సన్న స్క్రూడ్రైవరుతో పొద్దున్నించి మధ్యాహ్నం దాకా తవ్వుకున్నాడు. పైకి కిందికి తిరిగేవాళ్ళందరూ ఆయన్ని దాటుకునే వెళ్ళారు. నేనూ దాటాను. ఆగితే నా నంబరుకి ఎన్ని పడతాయో అని కాళ్ళు వాటంతటవే కదిలిపోయాయి. నాకు తెలుసు, పెట్టెలన్నీ తెల్లవేనని. తెలిసీ దాటాను.

రెండు రోజులకి ఆయన మెట్లమీంచి పడిపోయాడు. తుంటి ఎముక విరిగింది. జారాడన్నారు. ఆ సమయంలో మెట్లమీద ముగ్గురున్నారు, ముగ్గురూ మూడు వైపులకి చూస్తున్నారట. ఆసుపత్రినించి అక్క కొడుకు వచ్చి సామాను తీసుకుపోయాడు. ఒక గోడగడియారం మర్చిపోయారు. ఖాళీ ఇంట్లో అది ఇంకా కొట్టుకుంటోంది, మెట్లెక్కుతుంటే వినిపిస్తుంది.

కీడు వదిలిందని ఆ ఆదివారం హాల్లో స్వీట్లు పంచారు. ఆట అయిపోయిందనుకున్నాను. సెక్రటరీ గారు కాగితం తీసి, "ఏడో నియమం. ప్రతి వారం మళ్ళీ మొదటినుంచి" అని చదివారు. "ఆయన పెట్టెలో తెల్లదే ఉందండీ, సామాను వెళ్ళేముందు నేను చూశాను. అంటే నల్లది మన మధ్యే ఉంది."

ఇక పదిహేను ఇళ్ళు మిగిలాయి. తొమ్మిదో నంబరుకి తొమ్మిది గుండీలు.

"ఎప్పుడూ ఏదో రాస్తుంటుంది", "ఈ కాలంలో ఉత్తరాలెవరు రాస్తారు", "ఒంటరిగా ఉంటుంది, ఎవరూ రారు". ఇవి నా గురించి, నా ఎదురుగానే. నిజం ఇప్పుడు చెబితే తప్పించుకోవడానికి చెప్పినట్టే ఉంటుంది. డైరెక్టరు గారు, "నీమీదికి రావడం అద్భుతమైన డేటా, చెడగొట్టకు" అన్నారు.

తలుపు అవతల అడుగులు ఆగితే దీపం ఆర్పేస్తున్నాను. తాళంచెవి పెట్టేముందు రంధ్రాన్ని వేలితో తడిమి చూసుకుంటున్నాను.

మామయ్యా, ఈ ఆటని ఎలా ఆపాలి? మీకు తెలుసు. మొదటి ఉత్తరంలోనే మీరు తప్పించుకున్నారు. మీకు తెలుసు కదా?

*

నాలుగో అంతస్తు
మార్చి 22

అమ్మా,

తెలుసు.

ఎనిమిదో నియమం ఉంది. "ఆడేవాళ్ళలో ఎవరైనా ఒకరు గుండీ వెయ్యకుండా, అందరికీ వినపడేలా 'నాకు తెలియదు' అంటే ఆట ముగిసినట్టే. అందరూ పెట్టెలు తెరిచి చూపాలి." నా నోటుపుస్తకంలో ఆఖరి పేజీ. నెమలి తన పేరు ముందు వేసుకున్నాడని తెలిసిన రోజున ఆ పేజీ చించి, మిగతాది టైపుకి ఇచ్చాను. ఆట అతని చేతిలో ఏదో ఒకరోజు పేలాలని, అప్పుడు నా దగ్గరికి వచ్చి అడగాలని. అతను అడగలేదు. లోపం ఉందని కూడా అతనికి తెలియలేదు. ముప్పై రెండేళ్ళ తర్వాత అడిగింది నువ్వు. నీకూ చెప్పలేదు.

ఆ నియమం నాది కూడా కాదు. మొదటిసారి ఆడించిన బల్ల మా ఇంట్లోదే. ఏడుగురం. ఒకరు తగ్గారని మీ అమ్మని మిషను దగ్గరనుంచి లేపి కూర్చోబెట్టాను. మూడు విడతలయ్యేసరికి అందరి గుండీలూ ఆమె గిన్నెలోనే. అందులో నాదొకటి. నల్లబిళ్ళ లేదని తెలిసిన నేనే వేశాను. పరిశోధకుడిగా వేశానని అప్పట్లో చెప్పుకున్నాను. తన వంతు వచ్చినప్పుడు మీ అమ్మ గుండీని బల్లమీద పెట్టేసి, "నాకు తెలియదన్నయ్యా. తెలియనప్పుడు వెయ్యను. నా గుండీలు నాకిచ్చేయండి, అవతల జాకెట్టు ఆగిపోయింది" అంది. అంతే, ఆట ఆగిపోయింది.

ఆ తర్వాత నలభై బల్లల్లో ఆ మాట అన్నవాళ్ళు ఇద్దరే. చదువుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇందులో పెద్ద పిడికిలి నాది. ఎనిమిదో నియమం రాసి నెమలికి ఇవాళే పంపాను, వ్యాసం చించేశాను. వచ్చే ఆదివారం నువ్వు లేచి ఆ మాట అను. లేదా ఇప్పుడే అమ్మ దగ్గరికి వెళ్ళిపో. ఏది చేసినా తలుపు గడియ వేసుకో.

మామయ్య

*

తొమ్మిదో నంబరు ఫ్లాటు
మార్చి 29

మామయ్యా,

అన్నాను.

లేచి నిలబడి, గుండీని బల్లమీద పెట్టి, "నాకు తెలియదు, నేను వెయ్యను" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు, మళ్ళీ అన్నాను. ఒక్క క్షణం, అమ్మ బల్లదగ్గర లాగే, అయిపోయిందనుకున్నాను.

సెక్రటరీ గారు కాగితం తిరగేసి చూసి, "ఏడే ఉన్నాయండీ నియమాలు" అన్నారు. ఎవరో వెనకనుంచి, "తెలియదంటే ఏమిటర్థం, దాస్తోందనేగా?" అన్నారు. "తెలిసినవాళ్ళే తెలియదంటారు" అని ఇంకొకరు. ఇప్పుడు నా గిన్నెలో పద్నాలుగు. అంటే అందరూ. టీచరమ్మ కూడా. వేసేటప్పుడు నా మొహం చూడలేదు. నిన్న నాకు టీ ఇచ్చిన గ్లాసు ఇంకా నా సింకులో ఉంది, తిరిగి ఇవ్వడానికి వాళ్ళ తలుపు కొట్టాలంటే భయంగా ఉంది.

మీ ఉత్తరం అందిందా అని డైరెక్టరు గారిని అడిగాను. "ముద్రించని నియమం నియమం కాదు. ముప్పై ఏళ్ళ తర్వాత ఆట మధ్యలో కొత్త నియమం తెస్తే అది అసూయ" అన్నారు.

ఇంకొకటి. నవ్వకండి. పదహారు పెట్టెల్లో తెల్లబిళ్ళలు పెట్టింది నా చేత్తో నేనే. కానీ మూతలకి సీలు వెయ్యాలని డైరెక్టరు గారు వాటిని ఒకరోజు తమ గదిలో ఉంచుకున్నారు. రెండు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను. ఒకవేళ నిజంగానే ఒకటి ఉంటే?

ఇవాళ సాయంత్రం వచ్చేసరికి నా తాళంలో జిగురు ఉంది. తడిగా, ఇంకా గట్టిపడలేదు. అంటే అప్పుడే పోసి వెళ్ళారు. అగ్గిపుల్లతో గీకి తలుపు తెరిచి లోపలికొచ్చి ఇది రాస్తున్నాను. రేపు పొద్దున్నే అమ్మ దగ్గరికి పోతున్నాను. తాళంచెవి ఈ కవర్లో పెడుతున్నాను. ఎందుకో తెలియదు.

*

తొమ్మిదో నంబరు ఫ్లాటు, వంటింటి బల్ల
ఏప్రిల్ 6

పిచ్చుకా,

ఎందుకో నాకు తెలిసింది. వచ్చాను. ఇంట్లో మనిషిగా నీ బదులు కూర్చోవచ్చని సెక్రటరీ ఒప్పుకున్నాడు. మామయ్యనంటే, "పెద్దవారు, కూర్చోండి" అని కుర్చీ కూడా వేశాడు. మర్యాదస్తుడు. అదే నన్ను ముందు భయపెట్టింది.

టీచరమ్మకి గ్లాసు నేనే తిరిగి ఇచ్చాను. అందుకుని, నీ గురించి అడగబోయి, సెక్రటరీ తలుపు వైపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

నిన్న హాల్లో నిలబడి చెప్పాను. ఈ ఆట చేసింది నేను. నల్లబిళ్ళ లేదు, ఎప్పుడూ లేదు. ఆపే నియమం ఉంది, దాన్ని ఒకడిమీద కసితో నేను చించేశాను. మెకానిక్కు తుంటికీ, నా మేనకోడలి తాళానికీ మొదటి చెయ్యి నాది. ఒక జీవితకాలం ఉపన్యాసాలిచ్చాను గానీ, ఇంత చిన్నది ఎప్పుడూ ఇవ్వలేదు.

రెండో అంతస్తు ముసలావిడ అడిగింది: "అయితే సైకిలెవరు తీశారు బాబూ?"

నా దగ్గర మూడు సిద్ధాంతాలున్నాయి. మూడూ నాలుకమీదికి వచ్చాయి. "నాకు తెలియదమ్మా" అన్నాను. అనడానికి ఎంత బరువో మీ అమ్మకి చెప్పు. ఆమెకి అది ఎలా అంత తేలిగ్గా వచ్చిందో కనుక్కో.

ముసలావిడ కొంగుముడి విప్పి అగ్గిపెట్టె తీసి, బల్లమీద తెరిచింది. తెల్లది. ఆమెని చూసి పక్కావిడ. తర్వాత మిక్సీ ఇంటివాళ్ళు. టీచరమ్మ ఏడుస్తూ తెరిచింది. తర్వాత ఒకదాని వెనక ఒకటి అగ్గిపెట్టెల చప్పుడు. నీ దానితో కలిపి పద్నాలుగు తెల్లబిళ్ళలు వరసగా. కొందరు తలలు దించుకుని వెళ్ళిపోయారు. ఒకాయన మెకానిక్కు ఏ ఆసుపత్రిలో ఉన్నాడో రాసుకున్నాడు. ఆట ముగిసింది. నువ్వు తిరిగి రావచ్చు.

సెక్రటరీ మాత్రం తెరవలేదు. "ఇతరులకి చూపకూడదు, రెండో నియమం" అని జేబులో వేసుకుని, గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పేర్చుకుని, నాకు నమస్కారం పెట్టి వెళ్ళాడు.

అందులో ఉన్నదీ తెల్లదే. ఆ సంగతి నాకు తెలిసినట్టు లోకంలో ఇంకెవరికీ తెలియదు. పెట్టెల్లో ఏదైనా మార్చేంత తెలివి నెమలికి లేదు. నేను ఈ ఉత్తరం మొదలుపెట్టి గంటయింది. ఇంతలో రెండుసార్లు లేచి, తలుపు సందులోంచి ఎదురుగా అతని తలుపు చూసి వచ్చాను. ఎందుకు చూపలేదు? మర్యాదగా కుర్చీ ఎందుకు వేశాడు? తాళంలో జిగురు పోసిన చెయ్యి ఏది?

నిన్న వెయ్యని గుండీ ఇంకా నా దగ్గరే ఉంది. నీలంది, నాలుగు రంధ్రాలది, మీ అమ్మ డబ్బాలోవాటిలాగే. ఇది రాస్తున్నంతసేపూ ఎడంచేతిలోనే ఉంది, చెమటకి తడిసింది. బల్లమీద పెట్టేద్దామనుకుంటే వేళ్ళు విచ్చుకోవడంలేదు.

ఎక్కడ వెయ్యాలో దానికి తెలుసు.

మామయ్య